అడ్డరోడ్ల హైవేపై కొత్త సారథి

దసరాకో సంక్రాంతికో కొత్త కారు కొన్న కుటుంబము పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి సన్నిధికి బండిని తీసికొనిపోయి, పసుపు కుంకుమలు పెట్టించి, నాలుగు చక్రముల క్రింద నిమ్మకాయలు తొక్కించి, ఆపై అదే ఉత్సాహముతో హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి పైకి ఎక్కుట మన మెట్ట ప్రాంతమున నేడు సర్వసాధారణమైన విషయము. ఆ పూజను పరిహసించుట నా యుద్దేశము కాదు. ఇంటికి విలువైన వస్తువు వచ్చినప్పుడు దైవమును తలచుకొనుట పెద్దలనాటి నుండి వచ్చుచున్న మర్యాద. కాని ముహూర్తమును గూర్చి పదిమందిని విచారించు ఆ కుటుంబములో, స్టీరింగు పట్టుకొన్న కుర్రవాడు ఇంతకు మునుపెన్నడైనను గంటకు 80 కిలోమీటర్ల వేగముతో బండి నడిపినాడా, ఆ వేగము నుండి అకస్మాత్తుగా ఆపి చూచినాడా అని అడుగువారు ఒక్కరైనను కనబడరు. లైసెన్సు ఉన్నది గదా యందురు. ఆ లైసెన్సు ఏ పరీక్షకు ఫలమో తెలిసినవారు ఆ మాట అంత ధీమాగా అనజాలరు.

రవాణా కార్యాలయపు మైదానములో అభ్యర్థి మలుపులు త్రిప్పి చూపవలెను, ఇరుకుచోట వెనుకకు నడిపి నిలుపవలెను, ఎత్తుమీద ఆగి జారకుండ కదలవలెను. ఇవి యన్నియు అవసరమైన విద్యలే. కాని ఈ పరీక్ష ఆద్యంతము మొదటి రెండు గేర్లలోనే ముగిసిపోవును. డ్రైవింగు స్కూలు శిక్షణ కారు విషయమున 21 దినములకును, వాస్తవముగ బండి నడుపు కాలము 10 గంటలకును తగ్గరాదని కేంద్ర మోటారు వాహన నిబంధనలు విధించుచున్నవి. ఆ పది గంటలైనను సంపూర్ణముగ లభించినవారు అదృష్టవంతులే యనుకొందము. అవి ఎక్కడ గడచును? జగ్గయ్యపేట బజారులోను, నందిగామ గాంధీ సెంటరు చుట్టుప్రక్కలను, తెల్లవారుజామున ఖాళీగానుండు వీధులలోను గడచును. ఎల్ బోర్డు తీసివేసిన మరునాడే ఆ విద్యార్థి భార్యాబిడ్డలను, తల్లిదండ్రులను ఎక్కించుకొని, తానెన్నడును నేర్వని వేగములో, తానెన్నడును చూడని చీకటిలో, హైదరాబాదుకు బయలుదేరును. చట్టము దృష్టిలో అతడు పరిపూర్ణుడైన సారథి.

ఈ సందర్భమున అనుభవజ్ఞులు చెప్పు మాట యొకటి కలదు: "ఊళ్ళోనే కష్టము గాని హైవేమీద ఏమున్నదయ్యా, తిన్నగా పోవుటే గదా." ఈ మాటలో సగము సత్యము. చేతి పని హైవేమీద నిజముగనే తక్కువ. క్లచ్చి తొక్కుట లేదు, గేరు మార్చుట అరుదు. కాని ఊరిలో చేసిన తప్పు బంపరును నొక్కివేయును. హైవేపై చేసిన తప్పు ఇంటిల్లిపాదిని బలిగొనును. పని సులువగుకొలది మనస్సు చెదరుట, మనస్సు చెదరుకొలది కాలు ఆక్సిలరేటరుపై తనంత తానే దిగుట కొత్తవారి విషయమున తప్పక జరుగు వ్యవహారము.

ఇంతకును ఈ రహదారి స్వరూపమేమో మొదట చూడవలెను. హైదరాబాదు చుట్టును నిర్మింపబడిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు నిజమైన ఎక్స్‌ప్రెస్‌వే. దానికి ఇరువైపుల కంచె కలదు, నిర్ణీత స్థలములందు తప్ప ఎక్కుటకు దిగుటకు వీలులేదు, ద్విచక్ర వాహనములకు ప్రవేశమే లేదు. అట్టి దారిపై సారథి ముందుచూపుతో నడచిన చాలవరకు సరిపోవును. మన దారి అట్టిది కాదు. గోల్కొండకును బందరు రేవునకును నడుమ వర్తకుల బండ్లు తిరిగిన పురాతన మార్గపు ప్రాంతమిది. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరిట జగ్గయ్యపేటను నెలకొల్పిన నాటికే ఇక్కడి పల్లెలు పొలములతో, చెరువులతో, దేవాలయములతో స్థిరపడి యుండినవి. ఆ పల్లెల మధ్యనుండి తారురోడ్డు వచ్చినది. అది తొమ్మిదవ నంబరు జాతీయ రహదారి యైనది. 2010లో నంబర్లు మారినప్పుడు 65 యైనది. అదే దారి నాలుగు వరుసలై, నడుమ డివైడరు, అచ్చటచ్చట సర్వీసు రోడ్లు, చిల్లకల్లు వద్దను కీసర వద్దను టోల్‌గేట్లు వెలసినవి. దారి మారినంత వేగముగ ఊరు మారలేదు. గరికపాడు, అనుమంచిపల్లి, షేర్‌మహమ్మద్‌పేట, నవాబుపేట, అంబారుపేట, ఐతవరము, పరిటాల మున్నగు గ్రామముల వారి పొలము ఒకవైపున, ఇల్లు ఇంకొకవైపున ఉన్నచోట్ల, దాటక వారికి గత్యంతరము లేదు.

కావున కొత్త సారథికి నేను చెప్పదలచినది ఒక్కటే: ఈ దారిపై నీ వేగమును ముందు కనబడు శూన్యమును చూచి నిర్ణయింపకుము, ప్రక్కనుండి రాగలదానిని తలచి నిర్ణయింపుము. ఎదురుగ అర కిలోమీటరు మేర ఒక్క బండియు లేకపోవచ్చును. ఆ అర కిలోమీటరులోనే ఒక అడ్డరోడ్డు, ఒక పెట్రోలు బంకు, ఎవరో కొట్టివేసిన డివైడరు సందు, ఆ సందులో బండి ఆపుకొని ఇటు తొంగిచూచుచున్న ఒక మోటారు సైకిలు ఉండవచ్చును. విదేశములలో నేర్చివచ్చిన మనవారు సైతము ఇక్కడ తడబడుటకు కారణమిదే. డాలసులోనో డెట్రాయిటులోనో ఫ్రీవేపై ఏండ్లతరబడి నడిపిన యువకుడు సెలవులకు నందిగామ వచ్చి, నాలుగు వరుసలను చూడగానే తన దేశాంతరపు అలవాటును ఇక్కడికి తెచ్చుకొనును. ప్రక్కనుండి గేదె వచ్చుట అతని అనుభవములో లేదు.

2014 డిసెంబరు 6వ తేదీన నందమూరి జానకిరామ్ మరణించిన చోటు ఇక్కడికి దూరము కాదు. మునగాల పరగణా ఒకప్పుడు నందిగామ తాలూకాలోనిదే. ఆ మునగాల మండలమున ఆకుపాముల వద్ద, ఇదే రహదారిపై, స్వయముగ కారు నడుపుకొనుచు వచ్చుచుండగా రాంగ్ రూట్‌లో వచ్చిన ట్రాక్టరును ఢీకొని ఆ యువ నిర్మాత మరణించెను. ఆ వార్త విన్ననాడు రాష్ట్రమంతయు ట్రాక్టరు తోలినవానిని నిందించినది. నింద న్యాయమే. కాని ఆ ట్రాక్టరు అటువైపు నుండి ఏల వచ్చునో ఈ ప్రాంతపు రైతు నెవరినైనను అడిగిన చెప్పును: డివైడరు తెరపి రెండు మూడు కిలోమీటర్ల దూరమున నున్నప్పుడు, ట్రక్కు నిండ పత్తి బోరెములతోనో సుబాబుల్ కర్రతోనో అంతదూరము పోయి మరల అంతదూరము తిరిగివచ్చుటకు డీజిలు, కాలము, ఓపిక మూడును కావలెను, అంచువెంబడి ఎదురు వచ్చిన నాలుగు వందల గజములలో పని ముగియును. ఇది తప్పు. అయినను ఈ తప్పు రేపును జరుగును, ఎల్లుండియు జరుగును. ఎదుటివాని తప్పు మన ప్రాణమును తీయునప్పుడు, తప్పెవరిదను విచారణ కోర్టునకు పనికివచ్చును గాని స్టీరింగు వెనుక కూర్చున్నవానికి పనికిరాదు.

ఆ ట్రాక్టర్లలో పంట మాత్రమే యుండునని తలపరాదు. 2020 జూన్ 17న వేదాద్రి నరసింహస్వామిని సేవించి తిరిగి పోవుచున్న ఖమ్మం జిల్లా భక్తుల ట్రాక్టరును జగ్గయ్యపేట మండలమున లారీ ఢీకొని 12 మంది మరణించిరి. వారిలో పసిపిల్లలును కలరు. తిరునాళ్ళకు, పెండ్లిండ్లకు, మిరప కోతలకు మన మెట్టలో జనము ట్రక్కులలోనే పోవుదురు. ట్రక్కు వెనుక దీపముండదు, ఎర్రని రిఫ్లెక్టరు స్టిక్కరు ఉన్నను మట్టి కప్పి యుండును. సుబాబుల్ కర్ర వెనుకకు నాలుగైదు అడుగులు పొడుచుకొనివచ్చి, చీకటిలో కారు అద్దము ఎత్తునకు సరిగా నిలిచి యుండును. రాత్రిపూట ట్రాక్టరును ఓవర్‌టేక్ చేయునప్పుడు ట్రక్కు చివర ఎక్కడో కన్నులకు స్పష్టపడువరకు దానిని సమీపింపరాదని నేర్పు గురువు డ్రైవింగు స్కూలులో నాకు కనబడలేదు.

ఇక వేగమును గూర్చి కొంత లెక్క చెప్పక తప్పదు. కొత్తవారు ఈ లెక్కను ఒక్కసారి చేతితో వేసి చూచుకొన్న, పోలీసువారి కెమెరాలకంటె అది ఎక్కువ మేలు చేయును. కేంద్ర ప్రభుత్వము 2018లో ప్రకటించిన గరిష్ఠ పరిమితులను బట్టి కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేపై 120, డివైడరుగల నాలుగు వరుసల రహదారిపై 100 కిలోమీటర్లు. బోర్డు ఇంతకంటె తక్కువ చెప్పినచోట బోర్డే ప్రమాణము. గంటకు 100 అనగా సెకనుకు దాదాపు 28 మీటర్లు. అపాయమును చూచి, గ్రహించి, కాలు బ్రేకుపైకి మార్చుటకు చురుకైనవానికి సైతము ఒక సెకను పట్టును. ఆ సెకనులో బండి ఏమాత్రము తగ్గక 28 మీటర్లు సాగిపోవును. ఆపై పొడి రోడ్డుమీద, మంచి టైర్లతో, బ్రేకు సంపూర్ణముగ తొక్కినను నిలుచుటకు ఇంకొక 55 మీటర్లు కావలెను. మొత్తము 80 మీటర్లకు పైమాట. అదే 80 కిలోమీటర్ల వేగమున మొత్తము దూరము 60 మీటర్ల లోపున ముగియును. ఇచ్చట కొత్తవారు గ్రహింపవలసిన సంగతి యొకటున్నది. ఇద్దరు సారథులు ఒకేచోట గేదెను చూచి, ఒకే క్షణమున బ్రేకు తొక్కిరనుకొందము; 80తో వచ్చినవాడు గేదెకు అంగుళము దూరమున ఆగిపోయిన తావున, 100తో వచ్చినవాడు ఇంకను గంటకు 65 కిలోమీటర్లకు పైబడిన వేగముతో ఢీకొనును. ఇరువురి నడుమ తేడా ఇరవై కిలోమీటర్లే గదా యని మన మనస్సు కూడికతో లెక్కించును. బ్రేకు మాత్రము వేగమును వేగముతో గుణించి లెక్కించును.

ఆ ఇరవై కిలోమీటర్లవలన మనకు దక్కునదేమి? జగ్గయ్యపేట నుండి నందిగామకు దూరము ముప్పది కిలోమీటర్లకు కొంచెము అటునిటు. 80తో పోయినవాడు 22 నిమిషములలో చేరును, 100తో పోయినవాడు 18 నిమిషములలో చేరును. ఆ నాలుగు నిమిషములను చిల్లకల్లు టోల్‌గేటు వద్ద, ఫాస్టాగులో డబ్బు వేసికొనుట మరచిన ముందుబండివాడు ఒక్కడే హరించును.

రాత్రి విషయమున ఈ లెక్క మరింత కఠినమగును. ఎదుటివారి కన్నులు మిరుమిట్లు గొనకుండ హెడ్‌లైటును డిమ్‌లో నుంచి నడుపునప్పుడు వెలుతురు మనకు స్పష్టముగ చూపునది నలువది, యేబది మీటర్ల మేర. 100 వేగమున ఆగుటకు కావలసినది ఎనుబది. అనగా అట్టివాడు కన్నులున్నను లేనివాడే. హోటళ్ళ ముందు, పంక్చరు దుకాణముల ముందు, దీపములు ఆర్పివేసి సగము రోడ్డుమీద సగము మట్టిమీద నిలిపియుంచిన లారీలు ఈ దారిపై ఎన్ని ప్రాణములు తీసినవో వార్తాపత్రికల జిల్లా సంచికలు తిరుగవేయువారికి తెలియును. మరి, ఈ లారీలను అచ్చట నిలుపనిచ్చుచున్నవారి బాధ్యత ఏమందురా, దానిని గూర్చి వేరొక వ్యాసము వ్రాయవలసి యుండును.

2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలము ముండ్లపాడు అడ్డరోడ్డు సమీపమున, భువనేశ్వర్ నుండి హైదరాబాదు పోవుచున్న ప్రైవేటు బస్సు డివైడరును ఢీకొని రెండు వంతెనల నడుమనున్న ఖాళీలో పడిపోయి పదిమందికి పైగా మరణించిరి. పోయివచ్చు దారులకు వేరువేరు వంతెనలు కట్టి, నడుమ ఖాళీని వదలివేయుట ఈ రహదారిపై పలుచోట్ల కలదు. పగలు చూచినవారికి అది గోతివలె కనబడును, రాత్రి చూచినవారికి అసలు కనబడనే కనబడదు. కారణ విచారణల జోలికి పోను. కాని ఆ గడియ మాత్రము గమనింపదగినది. రాత్రి రెండు మొదలు తెల్లవారి ఐదున్నర వరకు మనుష్య శరీరము నిద్రను కోరుటకే నిర్మింపబడినది. టీ త్రాగినను, కిటికీ దించినను, పాటలు పెద్దగా పెట్టినను అది కొన్ని నిమిషముల వాయిదాయే గాని నివారణ కాదు. "రాత్రి బయలుదేరిన రోడ్డు ఖాళీగా నుండును, తెల్లవారేసరికి ఇంటికి చేరవచ్చును" అను సలహా మన ఇండ్లలో మామలు, బావలు కొత్త అల్లునికి తరచుగా ఇచ్చుచుందురు. లైసెన్సు వచ్చిన మొదటి సంవత్సరమున ఆ సలహాను అల్లుడు వినయముగ త్రోసిపుచ్చవలెను. బావగారికి కోపము వచ్చిన రానిండు.

వరుసల విషయము. ఎడమ వరుస నడచుటకు, కుడి వరుస దాటుటకు అని శాస్త్రము. సిమెంటు లారీ కుడి వరుసను పట్టుకొని నలువదితో పోవుట, కార్లు దానిని ఎడమనుండి దాటుట ఆచారము. జగ్గయ్యపేట పరిసరములందు సున్నపురాయి విస్తారముగ నుండుటచే వెలసిన సిమెంటు కర్మాగారములనుండి బల్కర్లు, లారీలు రేయింబవళ్ళు ఈ దారిపైకి వచ్చుచుండును. ఎడమ వరుసలో మోటారు సైకిళ్ళ బెడద, గుంతల బెడద తప్పించుకొనుటకు అవి డివైడరు నంటియే పోవును. శాస్త్రమును పట్టుకొని వాని వెనుక హారను మ్రోగించుచు పోవలెనా, ఆచారమును పట్టుకొని ఎడమనుండి దూరవలెనా అని కొత్తవాడు తికమక పడును. ఎడమనుండి పోవుట అపాయమనుటకు కారణము లారీవాడు చూడకపోవుట ఒక్కటే కాదు; సర్వీసు రోడ్డు వచ్చి హైవేలో కలియు నోరు ఎడమననే యుండును, లారీ చాటున నున్న నీవు ఆ నోటినుండి వచ్చువానికి కనబడవు. హెడ్‌లైటు ఒకటి రెండుసార్లు వెలిగించి చూడుము. తప్పుకొనకున్న, మూడు సెకన్ల ఎడము విడిచి వెనుకనే పొమ్ము. ముందు బండి ఏదైన ఒక స్తంభమును దాటిన తరువాత నీవు అదే స్తంభమును చేరుటకు మూడు అంకెలు లెక్కించునంత కాలము పట్టవలెనన్నమాట. ఆ ఎడములోనికి ఎవడో ఒక ఆటోవాడు వచ్చి దూరును. అతనిపై కోపగింపక మరల మూడు సెకన్లు విడువవలెను. ఇది పరువు తక్కువ పనియని తోచువారు ఇంక కొంతకాలము వీధులలోనే నడుపుట మేలు.

ఇంకొక సూక్ష్మమును చాలమంది గమనింపరు. గంటసేపు 90తో నడిపినవానికి 60 వేగము నడకవలె తోచును. హైదరాబాదు నుండి ఏకధాటిగ వచ్చి నందిగామ ఊరిలోనికి దిగునప్పుడు, తాను చాల తగ్గించితినని నమ్మినవాని స్పీడోమీటరు ఇంకను అరువది చూపుచుండును. ఆ సర్వీసు రోడ్డుమీద బడి వదలిన పిల్లలు సైకిళ్ళపై వచ్చుచుందురు. దిగునప్పుడు మనస్సు చెప్పు వేగమును నమ్మరాదు, ముల్లును చూడవలెను.

ఋతువులు కూడ ఈ దారిలో సారథికి పాఠములు చెప్పును. రోహిణీకార్తెలో నందిగామ పేరు ఎండల పట్టికలో ముందువరుసన కనబడుట పాఠకులకు కొత్త కాదు. గాలి తక్కువైన టైరు వేగమున నలిగి నలిగి వేడెక్కి, ఆపై ఆ నిప్పుల రోడ్డుమీద పగిలిపోవును. టైరు పగిలినప్పుడు బ్రేకు బలముగ తొక్కినవాడు పల్టీ కొట్టును. స్టీరింగును గట్టిగా పట్టుకొని, ఆక్సిలరేటరు వదలి, బండిని తిన్నగా పోనిచ్చి నెమ్మదించినవాడు బ్రతుకును. ఇది చదివి నేర్చుట కష్టమే. గాలి చూపించుకొని బయలుదేరుట సులువు. ధనుర్మాసపు మంచులో పార్కింగు లైట్లన్నియు మిణుకుమనిపించుచు నడుపుట ఒక ఫ్యాషనైనది. అట్లు చేసిన నీవు ఆగియున్నావో పోవుచున్నావో, ఎటు తిరుగనున్నావో వెనుకవానికి తెలియదు. డిమ్ లైటు, తగ్గిన వేగము, తప్పనిసరియైనచో బంకులోనికి పోయి ఒక గంట ఆగుట, ఇంతకు మించిన ఉపాయము మంచునకు లేదు.

వర్షాకాలమున మునేటి సంగతి వేరుగ చెప్పవలెను. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరము వద్ద హైవేను ముంచెత్తినప్పుడు రాకపోకలు నిలిచిపోయెను. 2024 సెప్టెంబరు తొలిదినములలో మరల అట్లే జరిగెను, గరికపాడు వద్ద పాలేటి వంతెన దారియు దెబ్బతినెను. రెండు తెలుగు రాష్ట్రములను కలుపు జాతీయ రహదారి వరుసగ రెండేండ్లు నీట మునుగుట ఇంజనీరింగు వ్యవహారము. కాని నీరు రోడ్డు దాటుచుండగా "పెద్దబండి పోయినది గదా" యని చిన్నకారును దించుట మాత్రము సారథి వ్యవహారమే. పారు నీరు మోకాలిలోతు ఉన్నను కారును తేల్చి ప్రక్కకు నెట్టివేయగలదు. మునేటి స్వభావమెరిగిన నందిగామవారు ఆగుదురు. హైదరాబాదు నుండి వచ్చి, గూగుల్ మ్యాపు నీలిగీతను నమ్మినవారు దించుదురు.

సీటుబెల్టును గూర్చి ఎక్కువ చెప్పను. 2018 ఆగస్టు 29న అన్నెపర్తి వద్ద ఎన్నో వేల కిలోమీటర్ల అనుభవముగల నందమూరి హరికృష్ణ కారునుండి బయటకు విసరివేయబడి మరణించుట తెలుగువారందరు ఎరిగినదే. 2022లో పాల్ఘర్ వద్ద మరణించిన సైరస్ మిస్త్రీ వెనుక సీటులో బెల్టు లేక కూర్చుండిన వారు. వెనుక కూర్చున్నవారికి బెల్టు అక్కరలేదను భ్రమ మన ఇండ్లలో ఇంకను పోలేదు. ముందు సీటులో ఒడిలో పసిబిడ్డను కూర్చుండబెట్టుకొను తల్లి ప్రేమను చూచి నాకు భయము కలుగును.

బండి మొరాయించినప్పుడు చేయవలసినదియు ఎవరును నేర్పరు. బండిని ఎడమ అంచునకు వీలైనంత నెట్టి, నాలుగు పార్కింగు లైట్లు వెలిగించి (వానికి అసలైన సమయమిది), ఎర్ర త్రికోణమును వెనుకగా చాల దూరమున నిలిపి, కుటుంబమంతయు బండి దిగి ఇనుప కమ్మీకి ఆవల నిలువవలెను. బండిలోనే ఏసీ వేసికొని కూర్చుండుట, బండి వెనుక నిలిచి టైరు మార్చుట, డివైడరుపై కూర్చుండి ఫోను చూచుకొనుట, మూడును మృత్యువుతో బేరములే. రహదారి సహాయమునకు 1033, అంబులెన్సుకు 108. ప్రమాదము చూచి ఆగి గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవానిని పోలీసులు వేధింపరాదని 2019 మోటారు వాహనముల సవరణ చట్టమే రక్షణ కల్పించినది. ఆ సంగతి తెలియక ముఖము త్రిప్పుకొని పోవువారు ఇంకను కలరు.

ఇంతవరకు చెప్పినదంతయు సారథికి చెప్పిన మాట. దేశమున 2022వ సంవత్సరము ఒక్కదానిలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదములలో మరణించిరని కేంద్ర రవాణాశాఖ నివేదిక. మొత్తము రోడ్ల పొడవులో రెండు శాతము మాత్రమే యైన జాతీయ రహదారులు అందులో మూడవ వంతుకు పైగా మరణములను మోసినవి. ఇంతటి అంతరమునకు సారథుల తొందరపాటు ఒక్కటే కారణమనుట న్యాయము కాదు. పదునెనిమిదేండ్ల వానికి హైవే చూపకుండ హైవే లైసెన్సిచ్చిన ప్రభుత్వమునకు అందులో పాలు కలదు.

పరిష్కారము కొత్తగా కనిపెట్టవలసిన పనిలేదు. 2021 జూలై నుండి అమలులోనున్న గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రముల నిబంధనలలో కారు శిక్షణకు 29 గంటలు నిర్ణయించి, అందులో 21 గంటలు నడుపుటకు కేటాయించి, హైవేలపై నడుపుటను పాఠ్యాంశముగ చేర్చియున్నారు. ఆ నియమము అట్టి పెద్ద కేంద్రములకే పరిమితము. జగ్గయ్యపేటలోను నందిగామలోను ఒక పాతకారు, రెండు బ్రేకు పెడళ్ళు గల చిన్న స్కూలుకు అది వర్తింపదు. దానిని వర్తింపజేయుటకు ఎంత వ్యయమగును? చిల్లకల్లు నుండి కీసర వరకు గురువును ప్రక్కన కూర్చుండబెట్టుకొని పగలు ఒకసారి, సంధ్యవేళ ఒకసారి, పూర్తిగా చీకటిపడిన పిమ్మట ఒకసారి పోయివచ్చుటకు కొన్ని లీటర్ల పెట్రోలు, టోలు రుసుము. లక్షలు పోసి కారు కొన్నవానికి ఇది భారము కాదు. గురువు సంతకము చేసిన ఆ మూడు ప్రయాణముల చీటీ లేనిదే పరీక్షకు అనుమతింపరాదని జిల్లా రవాణా అధికారులు ప్రభుత్వమునకు ప్రతిపాదించిన, మన ఎన్.టి.ఆర్. జిల్లా ఇతర జిల్లాలకు దారి చూపినదగును. లైసెన్సు వచ్చిన మొదటి సంవత్సరము వరకు కారు వెనుక కొత్తవాడని తెలుపు గుర్తు ఉంచుటను కూడ నేను కోరుదును. దానిని చూచి నవ్వువారు నవ్వినను, దూరము పాటించువారును కొందరుందురు.

దారి విషయమున మాత్రము సారథి చేయగలదేదియు లేదు. హైదరాబాదు–విజయవాడ రహదారిని ఆరు వరుసలుగా విస్తరించు సన్నాహములు జరుగుచున్నవి. వెడల్పు పెరిగిన ప్రమాదములు తగ్గునని కొందరి విశ్వాసము. అడ్డరోడ్లు అట్లే యుండి వరుసలు మాత్రము పెరిగినచో, అనుమంచిపల్లి ముదుసలి దాటవలసిన దూరము పెరుగును, ఆమె వైపు వచ్చు కారు వేగమును పెరుగును, ఫలితమేమో ఊహింపవచ్చును. అందుచేత ఈ ప్రాంతపు శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యుడు రహదారి అధికారులనుండి వ్రాతపూర్వకముగ రాబట్టి ప్రజలముందుంచవలసిన వివరము లివి: గరికపాడు మొదలు పరిటాల వరకు ఎన్ని అడ్డరోడ్ల క్రింద అండర్‌పాసులు రానున్నవి, రెండువైపుల సర్వీసు రోడ్డు తెగకుండ ఎంతమేర ఉండును, జంట వంతెనల నడుమ ఖాళీలను ఎన్నింటిని మూయుదురు, ఐతవరము వద్ద రోడ్డును ఎన్ని అడుగులు ఎత్తుదురు, లారీలు ఆగుటకు స్థలము ఎక్కడ చూపుదురు.